యూకే కేర్‌గివర్ వీసాకి 13 లక్షలట, సోమవారంలోపు 3 లక్షలు కట్టమంటున్నారు. కట్టొచ్చా?

కోనసీమ_శ్రీను

మా చెల్లెలు ఏఎన్ఎం చేసింది, వయసు 27. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. జీతం 14 వేలు, నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. మా పెదనాన్న గారి అల్లుడికి తెలిసిన కన్సల్టెన్సీ ఒకటి ఉంది. యూకేలో ముసలివాళ్లను చూసుకునే పని, కేర్ వీసా, మొత్తం 13 లక్షలు అంటున్నారు. ముందు 3, వీసా వచ్చాక 10. బర్మింగ్‌హామ్‌లో ఏదో కంపెనీ ఆఫర్ లెటర్ వాట్సాప్‌లో పంపారు. కింద గుండ్రటి సీలు, సంతకం అన్నీ ఉన్నాయి. కోటా అయిపోతోంది, సోమవారం దాటితే మా చేతిలో ఉండదు అంటున్నారు.

నాన్న ఎకరం కొబ్బరితోట తాకట్టు పెడతానంటున్నాడు, రెండు రూపాయల వడ్డీకి. అమ్మ తన గాజులు తీసి బల్ల మీద పెట్టేసింది. నాకేమో రెండు రోజుల నుంచి నిద్ర పట్టడం లేదు. ఈ పని మీద వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి.

ప్రశ్న_ఒకటే

ఇప్పటిదాకా ఏమైనా ఇచ్చారా, ఇవ్వలేదా? ముందు అది చెప్పండి.

కోనసీమ_శ్రీను

ఫైల్ ఓపెనింగ్ అని పోయిన నెలలో 50 వేలు ఫోన్‌పే చేశాం. కంపెనీ అకౌంట్ కాదు, ఎవరిదో మనిషి పేరు మీద ఉంది. రసీదు అడిగితే వీసాతో కలిపి ఇస్తామన్నారు.

లీడ్స్_లక్ష్మి

శ్రీను గారూ, ఇక ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీరు చెప్తున్న వీసా ఇప్పుడు లేదు. విదేశాల నుంచి కేర్ వర్కర్లను, సీనియర్ కేర్ వర్కర్లను కొత్తగా తీసుకోవడం యూకే ప్రభుత్వం 2025 జూలై 22 నుంచి ఆపేసింది. కోటా అయిపోవడం కాదు, తలుపే మూసేశారు. మూసిన తలుపుకి 13 లక్షలు అడుగుతున్నాడు మీ మనిషి.

నేను అది తెరిచి ఉన్న రోజుల్లో వచ్చాను. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లను మనుషుల కొరత ఉన్న ఉద్యోగాల జాబితాలో చేర్చారు, నేను ఆ ఏడాది చివర్లో దిగాను. మధ్యవర్తికి 12 లక్షలు కట్టాం. వారానికి 39 గంటల పని అని కాగితం మీద రాశారు. వచ్చాక మొదటి నెల వారానికి 14 గంటలు, రెండో నెల 16 గంటలు. మిగతా రోజులు ఫోన్ పట్టుకుని కూర్చోవడమే. ఇళ్లకు వెళ్లి చేసే పని కాబట్టి కారు నడపడం రావాలి. ఆ సంగతి ఇక్కడ దిగేదాకా మాకు ఎవరూ చెప్పలేదు. చీకట్లో 6 గంటల బస్సు పట్టుకుని, రెండు బస్సులు మారి, ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లేదాన్ని. గుమ్మం పక్కన గోడకి చిన్న పెట్టె ఉంటుంది, నంబర్ నొక్కితే లోపల తాళంచెవి. ఆవిడకి 91 ఏళ్లు. అరగంటలో లేపి, కడిగి, బట్టలు మార్చి, మాత్రలు వేసి, టీ పెట్టి, పుస్తకంలో రాసి బయటపడాలి. దారిలో పోయే గంటకి జీతం లేదు. ఆవిడ కాళ్లు చల్లగా ఉంటే నా రెండు చేతుల్లో పట్టుకుని వెచ్చబడ్డాక సాక్సులు తొడిగేదాన్ని. దాంతో ఐదు నిమిషాలు ఆలస్యం, ఆఫీసు నుంచి ఫోను.

ఏడాది తిరగకుండానే విదేశాల నుంచి మనుషుల్ని తెచ్చుకునే ఆ కంపెనీ లైసెన్సు రద్దయింది. 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ని, అంటే వీసాకి పూచీ ఉండే ఇంకో కంపెనీని వెతుక్కోండి, లేకపోతే వెళ్లిపోండి అని ఉత్తరం వచ్చింది. 52వ రోజున దొరికింది నాకు. నాతో పాటు అదే ఇంట్లో ఉన్న ఇద్దరు అప్పులతోనే తిరిగి వెళ్లారు.

బందరు_బుల్లోడు

52వ రోజు దాకా ఎలా తట్టుకున్నారండీ. చదువుతుంటేనే నాకు చెమటలు పట్టాయి.

లీడ్స్_లక్ష్మి

@బందరు_బుల్లోడు గుడిలో పులిహోర ప్రసాదం, పక్కింటి పంజాబీ ఆంటీ రొట్టెలు. అంతకంటే ఏం లేదు బాబూ.

తణుకు_ప్రసాద్

లక్ష్మి గారు అన్నది కొట్టిపారేయను. కానీ మా వీధిలో అమ్మాయి మొన్న సెప్టెంబరులోనే యూకే వెళ్లింది, ఆసుపత్రి ఉద్యోగం. మరి మూసేస్తే ఆ అమ్మాయి ఎలా వెళ్లింది?

హనుమకొండ_వాణి

ఆ అమ్మాయి బీఎస్సీ నర్సింగో, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమానో చేసి ఉంటుంది, కనుక్కోండి. అందరూ కలిపేస్తున్నది ఇక్కడే. నర్సు వేరు, కేర్ వర్కర్ వేరు. రిజిస్టర్డ్ నర్సులకు దారి ఇంకా ఉంది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీలో రిజిస్టర్ కావాలి. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడడం మూడింటిలో 7, రాయడంలో 6.5 రావాలి. దాని బదులు ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష అయినా రాయొచ్చు. ఇక్కడ కంప్యూటర్ పరీక్ష ఒకటి, అక్కడికి వెళ్లాక ఓస్కీ అని చేతిపని పరీక్ష ఒకటి. ఇవి పాసైనవాళ్లకు చాలా ఆసుపత్రులు తామే విమానం టికెట్టు కొనిస్తాయి.

ఏఎన్ఎం తో ఎన్ఎంసీ కుదరదు. శ్రీను గారి చెల్లెలికి ఆ దారి కావాలంటే ముందు జీఎన్ఎం చేయాలి. ఏఎన్ఎం చేసినవాళ్లు జీఎన్ఎం లో చేరొచ్చు. మూడేళ్లు పడుతుంది, కానీ ఆ సర్టిఫికెట్ జన్మంతా తన చేతిలో ఉంటుంది.

తణుకు_ప్రసాద్

కనుక్కున్నాను. బీఎస్సీ నర్సింగేనట, ఓఈటీ రెండుసార్లు రాసిందట. వాణి గారు చెప్పిందే నిజం.

కోనసీమ_శ్రీను

మరి ఆఫర్ లెటర్ మీద ఉన్న కంపెనీ నిజమైనదే కదా? గూగుల్‌లో వెతికితే వెబ్‌సైట్ ఉంది, ఫోటోలు ఉన్నాయి. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ అని ఇంకో కాగితం కూడా పంపాడు.

లీడ్స్_లక్ష్మి

కంపెనీ నిజమే అయి ఉండొచ్చు, ఆ ఉత్తరం వాళ్లు రాసింది కాకపోవచ్చు. లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితా యూకే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకునేలా పెట్టారు. మోసం చేసేవాడూ అందులోంచే పేరు ఎత్తుకుంటాడు. ఇక సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ అన్నది పేరుకే సర్టిఫికెట్. అది సీలు వేసిన కాగితం కాదు, వాళ్ల సిస్టమ్‌లో ఉండే రికార్డు, దానికొక నంబరు. గుండ్రటి సీలు చూపించాడంటే అనుమానం తగ్గకూడదు, పెరగాలి. ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కి మీ చెల్లెలు నేరుగా రాసి అడగమనండి. ఏజెంటు ఇచ్చిన ఈమెయిల్‌కి మాత్రం రాయకండి.

ఎమిగ్రేట్_మూర్తి

అసలు ఆ కన్సల్టెన్సీకి లైసెన్సు ఉందా? విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్రం దగ్గర రిజిస్టర్ కావాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఒకవేళ లైసెన్సు ఉందనుకుందాం. అభ్యర్థి దగ్గర తీసుకోదగ్గ సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30 వేలు, జీఎస్టీతో కలిపి 35,400. రసీదు ఇవ్వాలి. 13 లక్షలు అన్న మాటే చట్టానికి బయట ఉంది. ఇంకో సంగతి, మా మనిషి అని ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటే లేదు.

తణుకు_ప్రసాద్

మూర్తి గారూ, చట్టం పుస్తకంలో బాగుంటుంది. 35 వేలకి పంపే ఏజెంటుని ఒక్కడిని చూపించండి. మా బావమరిది ఇజ్రాయెల్ వెళ్లడానికి 2014లో 9 లక్షలు ఇచ్చాడు. రెండేళ్లలో తీర్చేశాడు. ఇవాళ ఊళ్లో డాబా ఇల్లు, ఇద్దరు పిల్లల చదువులు, అన్నీ ఆ డబ్బే. ఏజెంటు లేకపోతే వాడు ఇంకా రైసు మిల్లులో బస్తాలు మోస్తూ ఉండేవాడు. అందరూ దొంగలే అంటే నేను ఒప్పుకోను.

ఎమిగ్రేట్_మూర్తి

మీ బావమరిది కష్టాన్ని నేను తక్కువ చేయను ప్రసాద్ గారూ. ఆ 9 లక్షలు తీర్చింది ఏజెంటు కాదు, మీ బావమరిది నిద్ర మానుకుని తీర్చాడు. ఆ రెండేళ్ల జీతం అతని పిల్లలకు చెందాల్సింది.

జగిత్యాల_మల్లేశ్

ఇజ్రాయెల్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. నేను ఎనిమిదేళ్లుగా అక్కడే కేర్‌గివర్ పని చేస్తున్నా. మా జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి ఈ పనికి చాలామంది ఉన్నాం. శనివారం సెలవు రోజున టెల్ అవీవ్‌లో తెలుగు మాటలు గట్టిగానే వినపడతాయి, బతుకమ్మ కూడా ఆడతారు.

పని ఏమిటంటే వాళ్ల ఇంట్లోనే ఉండాలి. తాతని సబ్బా అంటారు, నానమ్మని సవ్తా. రాత్రి సవ్తా లేస్తే నువ్వూ లేవాలి. వారానికి ఒక రోజు సెలవు. వీసా లెక్క తెలుసుకోండి: మొత్తం 63 నెలలు, అంటే ఐదేళ్ల మూడు నెలలు. ఆ గడువు ముగిసేటప్పటికి నువ్వు చూసుకుంటున్న మనిషి బతికి ఉంటే ఆ మనిషి దగ్గర కొనసాగొచ్చు. తర్వాత ఆ మనిషి పోతే నీ వీసా కూడా పోయినట్టే. ఒక ప్రాణం మీద నీ వీసా ఆధారపడి ఉంటుంది. మందు వేసేటప్పుడల్లా ఆ మాట గుర్తుకొస్తుంది. కానీ నిజంగా చెప్తున్నా, కొన్నాళ్లకి అది వీసా కోసం కాదు, ఆవిడ కోసమే అయిపోతుంది.

2025 జూన్‌లో ఇరాన్‌తో యుద్ధం పన్నెండు రోజులు. మాది పాత బిల్డింగు, ఇంట్లో సేఫ్ రూం లేదు. సైరన్ మోగితే కింద షెల్టర్‌కి పోవాలి. మూడో అంతస్తు, ఆవిడకి 88 ఏళ్లు, వీల్‌చైర్. రెండో రోజు రాత్రి లిఫ్టు ఆగిపోయింది. దుప్పట్లో చుట్టి వీపు మీద వేసుకుని దిగాను. మెట్ల మీద ఆవిడ నా చెవిలో హీబ్రూలో ఒకటే మాట, "నన్ను వదిలి నువ్వు పో". ఎలా పోతానక్కా? కింద కూర్చున్నాక ఆవిడ నా షర్టు గుండీ పట్టుకుని తెల్లారేదాకా వదల్లేదు.

సెందాయ్_సుధ

మల్లేశ్ అన్నా, చదివి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మీరిద్దరూ ఇప్పుడు క్షేమమేనా?

జగిత్యాల_మల్లేశ్

క్షేమమే సుధా. ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి మనవడు అంటోంది.

ప్రశ్న_ఒకటే

మల్లేశ్ అన్నా, ఇప్పుడు ఎవరైనా ఇజ్రాయెల్ రావాలంటే నువ్వు రమ్మంటావా?

జగిత్యాల_మల్లేశ్

నా సొంత చెల్లెలైతే ప్రస్తుతానికి వద్దంటా. వచ్చేవాళ్లు వస్తే ప్రభుత్వం దారిలోనే రావాలి. భారత్, ఇజ్రాయెల్ 2023లో ఒప్పందం చేసుకున్నాయి, భవన నిర్మాణానికి 34 వేలు, కేర్‌గివింగ్‌కి 8 వేల మంది అని. 2024లో 5 వేల మంది కేర్‌గివర్లు కావాలని అక్కడి నుంచి మన జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఎన్ఎస్‌డీసీని అడిగారు. పదో తరగతి, గుర్తింపు ఉన్న కేర్‌గివింగ్ కోర్సు, 990 గంటల పని శిక్షణ అడిగారు. నేను ఇచ్చిన లక్షలు ఆ దారిలో ఇవ్వక్కర్లేదు. నేను ఇచ్చింది ప్రసాద్ గారి బావమరిది కంటే ఎక్కువే. 31 నెలలు పట్టింది తీర్చడానికి. ఆ 31 నెలల్లో మా నాయన పోయాడు, రాలేకపోయాను.

తణుకు_ప్రసాద్

మల్లేశ్ గారూ, నేను ఇల్లు ఒక్కటే చూశాను. మా బావమరిది కూడా వాళ్లమ్మ పోయినప్పుడు వీడియో కాల్‌లోనే చూశాడు. ఆ సంగతి నేను రాయలేదు.

కోనసీమ_శ్రీను

ఇప్పుడే ఏజెంటుకి ఫోన్ చేశాను. జూలై 22 సంగతి చెప్పగానే గొంతు మారింది. ముందు అదంతా పేపర్ వార్త అన్నాడు. తర్వాత, సరే స్టూడెంట్ వీసా మీద పంపిస్తాం, అక్కడికెళ్లాక కేర్ వీసాకి మార్చుకోవచ్చు అన్నాడు. అదీ వద్దంటే కువైట్‌లో పెద్దింటి ముసలావిడని చూసుకునే పని ఉంది, 2 లక్షలకే అన్నాడు. లేదంటే దుబాయ్ విజిట్ వీసా, వారంలో విమానం ఎక్కిస్తానన్నాడు. పది నిమిషాల్లో మూడు దేశాలు తిప్పాడు.

లీడ్స్_లక్ష్మి

స్టూడెంట్ వీసా మాట నమ్మకండి. ఇక్కడ ఉన్నవాళ్లు కేర్ వీసాకి మారే వీలు 2028 జూలై దాకా ఉంది, కానీ స్పాన్సర్ చేసే కంపెనీ దగ్గర అప్పటికే కనీసం మూడు నెలలు సక్రమంగా పనిచేసి ఉండాలి. కోర్సు నడిచే రోజుల్లో డిగ్రీ స్టూడెంట్ వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఫీజు, అద్దె అన్నీ కలిపితే 13 లక్షలు కాస్తా 25 అవుతాయి. అది చదువుకోవడానికి వచ్చేవాళ్ల దారి, పనికి వచ్చేవాళ్ల దారి కాదు.

రాయచోటి_బాషా

కువైట్ గురించి నేను చెప్తాను. మా అమ్మ 2009లో వెళ్లింది, 20వ నంబర్ వీసా. మా వైపు అందరికీ ఆ నంబరు తెలుసు, ఇంటి పని వీసా. కంపెనీ పనిది 18. ఏజెంటు నోటితో నర్సింగ్ పని అంటాడు, వీసా మీద మాత్రం ఖాదిమా అని ఉంటుంది. దిగాక నువ్వు ఇంటి పనిమనిషివే.

అమ్మ మొదటి ఇల్లు చెడ్డది. పాస్‌పోర్టు మేడం బీరువాలో. 22 నెలలు ఒక్క సెలవు లేదు, ఫోను పది రోజులకోసారి. రెండో ఇల్లు మంచిది. అక్కడ పక్షవాతం వచ్చిన పెద్దావిడ, మామా కబీరా అనేవాళ్లు. పుండ్లు పడకుండా రాత్రంతా రెండు గంటలకోసారి అమ్మ లేచి ఆవిడని పక్కకి తిప్పేది. అలారం లేకుండానే మెలకువ వచ్చేదట. తిరిగి వచ్చి ఆరేళ్లయింది, ఇప్పటికీ మా అమ్మ రాత్రి రెండింటికి, నాలుగింటికి లేచి కూర్చుంటుంది.

2015లో కువైట్‌లో ఇంటి పనివాళ్లకి చట్టం తెచ్చారు, 68వ నంబరు. రోజుకి 12 గంటలకు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, పాస్‌పోర్టు దాచిపెట్టుకోకూడదు, ఏడాదికి ఒక నెల జీతం లెక్కన చివర్లో ఇవ్వాలి. చట్టం మంచిదే. కానీ తలుపు అవతల ఏం జరుగుతుందో చూసేది ఎవరు? అమ్మ రెండోసారి మంచి ఇంట్లో పడడం అదృష్టం, చట్టం వల్ల కాదు.

ఎమిగ్రేట్_మూర్తి

బాషా గారి మాటకు ఒకటి కలుపుతాను. పదో తరగతి పాస్ కాని ఆడవాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం అని ముద్ర ఉంటుంది. గల్ఫ్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, వలస వెళ్లేవాళ్ల వ్యవహారాలు చూసే కేంద్ర అధికారి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి, ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్లాలి. శ్రీను గారి చెల్లెలు ఇంటర్ చదివింది, ఆమెకి ఆ ముద్ర ఉండదు. కాబట్టి విమానాశ్రయంలో ఎవరూ ఆపి అడగరు. అది స్వేచ్ఛలాగే కనపడుతుంది కానీ కాంట్రాక్టు చూసేవాళ్లు కూడా ఉండరు. ఇంకా, ఆ 18 దేశాలకు నర్సు ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు పాస్‌పోర్టు ఏదైనా సరే క్లియరెన్సు తప్పనిసరి. అందుకే ఏజెంట్లు నర్సుని కూడా ఇంటి పని వీసా మీదో విజిట్ వీసా మీదో పంపుతారు. క్లియరెన్సు తప్పించుకోవడానికి.

రాయచోటి_బాషా

విజిట్ వీసా అయితే అసలు ఆలోచించకండి. మా వీధిలో ఒకావిడని దుబాయ్ అని తీసుకెళ్లి అక్కడి నుంచి రోడ్డు మీద ఒమాన్ దాటించారు. విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఎంబసీ చుట్టూ తిరిగి, ఆమెని వెనక్కి తెచ్చుకోవడానికి ఏడు నెలలు పట్టింది.

బందరు_బుల్లోడు

యూకే లేదు, ఇజ్రాయెల్ యుద్ధం, కువైట్ అదృష్టం. మరి ఆ అమ్మాయి వెళ్లగలిగే చోటు ఒక్కటీ లేదా? 14 వేలకి రాజమండ్రిలోనే ఉండిపోవాలా?

సెందాయ్_సుధ

ఉంది. నేను వచ్చిన దారి చెప్తాను, కాస్త పొడవుగా రాస్తున్నా.

జపాన్‌లో ముసలివాళ్ల సంరక్షణని కైగో అంటారు. స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అనే వీసా, దాని మీద మన దేశానికి జపాన్‌తో 2021 నుంచి ఒప్పందం ఉంది. మూడు పరీక్షలు పాసవ్వాలి. జపనీస్ భాషలో ఎన్4 స్థాయి పరీక్ష గానీ జేఎఫ్‌టీ బేసిక్ అనే పరీక్ష గానీ, కైగో పని పరీక్ష, కైగోలో వాడే భాష పరీక్ష. డిగ్రీ అడగరు. నాది జీఎన్ఎం కూడా కాదు, ఇంటర్ బైపీసీ, తర్వాత ఆసుపత్రిలో అటెండర్‌గా మూడేళ్లు. హైదరాబాద్‌లో టామ్‌కామ్ వాళ్ల శిక్షణలో చేరాను, అది తెలంగాణ ప్రభుత్వ సంస్థ. భాషకే ఎనిమిది నెలలు పట్టింది. మొదటి నెల అక్షరాలకే ఏడుపొచ్చింది. కానీ వాక్యం మాత్రం మనలాగే నడుస్తుంది, క్రియ చివర్లో వస్తుంది. నేను, నీళ్లు, తాగుతాను. ఇంగ్లిష్ కంటే అదే నాకు దగ్గరగా అనిపించింది.

నేను పనిచేసేది వృద్ధాశ్రమం లాంటి చోట. 40 మంది ఉంటారు. స్నానం ఇక్కడ పెద్ద పని. వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెడతాం, మెషిన్ కుర్చీ ఉంటుంది, మనం ఎత్తక్కర్లేదు. ముందు చేతి మీద నీళ్లు పోసి "వేడి సరిపోయిందా" అని అడగాలి, ఆ తర్వాతే కాళ్ల మీద పోయాలి. అది కూడా పరీక్షలో అడుగుతారు. ఒక తాతకి మతిమరుపు. రోజూ పొద్దున నన్ను కొత్త మనిషిలా పలకరించి పేరు అడుగుతాడు. రోజూ చెప్తాను.

చేతికి నెలకి లక్షా 55 వేల యెన్‌లు వస్తాయి. గది అద్దె, తిండి పోగా ఇంటికి 45 వేల రూపాయలు పంపుతున్నా. కష్టం ఏమిటంటే ఈ వీసా మీద కుటుంబాన్ని తెచ్చుకోలేం, మొత్తం ఐదేళ్లే. మూడేళ్ల అనుభవం తర్వాత కైగో ఫుకుషిషి అనే జాతీయ పరీక్ష రాసి పాసైతే వీసా మారుతుంది, కుటుంబం రావచ్చు, ఎన్నిసార్లైనా పొడిగించుకోవచ్చు. నేను దానికే చదువుతున్నాను. రాత్రి షిఫ్టులో అందరూ పడుకున్నాక పుస్తకం తీస్తాను.

హనుమకొండ_వాణి

సుధ చెప్పినట్టే జర్మనీకి కూడా దారి ఉంది. అక్కడ మూడేళ్ల నర్సింగ్ శిక్షణ, ఆ మూడేళ్లూ నెలనెలా జీతం ఇస్తూ నేర్పుతారు. కానీ జర్మన్ భాషలో బీ1 స్థాయి, చాలాచోట్ల ఇంకో మెట్టు పైన బీ2 కావాలి. భాషకి ఏడాది పెట్టుకోవాలి. ఏ దేశమైనా భాష నేర్చుకోమనే దారికి కాస్త విలువ ఇవ్వండి. భాష అక్కర్లేదు, వారంలో ఎక్కిస్తా అన్నవాడు మనిషిని కాదు, సామానుని పంపుతున్నట్టే.

తణుకు_ప్రసాద్

సుధ గారూ, మొత్తం ఖర్చు ఎంతైంది? సూటిగా చెప్పండి.

సెందాయ్_సుధ

శిక్షణ, హాస్టల్, పరీక్ష ఫీజులు, మెడికల్, కోటు, బూట్లు అన్నీ కలిపి రెండు లక్షల లోపే. ప్రతిదానికీ రసీదు ఉంది, ఫైల్లో పెట్టుకున్నా. విమానం టికెట్టు ఇక్కడివాళ్లే ఇచ్చారు.

తణుకు_ప్రసాద్

సరే. నేను మొదట్లో గట్టిగా వాదించాను. మా చిన్నమ్మాయి ఈ ఏడు ఇంటర్. ఈ పేజీ మొత్తం దాచుకుంటున్నాను.

శ్రీను_చెల్లెలు

అన్నయ్య ఫోన్ ఇచ్చి చదవమన్నాడు, అందుకే నేనే రాస్తున్నా. మొత్తం చదివాను. ఇన్ని రోజులుగా ఇంట్లో అందరూ ఎంత కట్టాలి, ఎక్కడ తేవాలి అనే మాట్లాడుకుంటున్నారు. అక్కడ నేను ఏం పని చేయాలో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. లక్ష్మి అక్క సాక్సుల సంగతి చదివాక మొదటిసారి ఆ పని కళ్లకి కనపడింది. నాకు ముసలివాళ్లతో పని ఇష్టమే. మా వార్డులో ముసలమ్మలు ఇంజెక్షన్‌కి నన్నే పిలవమంటారు.

సుధ అక్కా, నాకు నడుము నొప్పి ఉంది, ఇక్కడ పేషెంట్లని చేతులతోనే ఎత్తి ఎత్తి వచ్చింది. అక్కడ నిజంగా మెషిన్ ఉంటుందా? ఆంధ్రా వాళ్లం కాబట్టి ఎక్కడ చేరాలి?

సెందాయ్_సుధ

చెల్లీ, నేను పనిచేసే చోట ఉంది, అన్ని చోట్లా ఉంటుందని చెప్పలేను. అందుకే ఇంటర్వ్యూలో నువ్వే అడుగు. ఎత్తే మెషిన్ ఉందా, రాత్రి షిఫ్టులో ఎంతమందికి ఒక మనిషి, గది ఒకరికా ఇద్దరికా. అడిగితే తప్పుగా అనుకోరు. నడుముకి ముందు డాక్టర్‌కి చూపించుకో, మెడికల్‌లో కూడా అవసరమే. ఆంధ్రాలో ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థ ఉంది, ముందు అక్కడ అడుగు. ఈలోపు హిరగానా అక్షరాలు మొదలుపెట్టు, రోజుకి ఐదు. అది ఉచితమే.

ఎమిగ్రేట్_మూర్తి

శ్రీను గారూ, ఆ 50 వేల సంగతి వదలకండి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాటింగ్, ఆఫర్ లెటర్ అన్నీ దాచండి, చాట్ డిలీట్ చేయకండి. డబ్బు వెనక్కి ఇవ్వమని ఒకసారి రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్‌లో అయినా సరే. ఇవ్వకపోతే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకి ఫిర్యాదు, మీ పోలీస్ స్టేషన్‌లో చీటింగ్ కేసు, భారతీయ న్యాయ సంహిత 318 కింద.

కోనసీమ_శ్రీను

ఇవాళ నాన్నని, మా బావని తీసుకుని ఆ ఆఫీసుకి వెళ్లాం. లైసెన్సు నంబరు అడిగితే గోడ మీద జీఎస్టీ సర్టిఫికెట్ చూపించాడు. మూర్తి గారు చెప్పినట్టు ఈ-మైగ్రేట్‌లో వెతికాం, పేరు లేదు. అక్కడే కూర్చుని ఫిర్యాదు రాస్తామంటే 30 వేలు వెంటనే ట్రాన్స్‌ఫర్ చేశాడు. మిగతా 20 ఖర్చులు అయ్యాయట. బెంచీ మీద ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు, ఒకామె ఒళ్లో చిన్న బాబు. ఆమెకి కూడా యూకే కేర్ వీసాయే చెప్పాడు. నాన్న ఆమె దగ్గరికి వెళ్లి జూలై 22 సంగతి చెప్పాడు. ఆమె ఇప్పటికే 4 లక్షలు కట్టిందట.

లీడ్స్_లక్ష్మి

ఆమె నంబర్ తీసుకున్నారా?

కోనసీమ_శ్రీను

తీసుకున్నాం. రేపు ఆమె, మేము కలిసి స్టేషన్‌కి వెళ్తున్నాం. నాన్న తోట కాగితాలు తిరిగి ట్రంకు పెట్టెలో పెట్టేశాడు.

ఎమిగ్రేట్_మూర్తి

ఫిర్యాదు ఇద్దరూ విడివిడిగా రాయండి, ఒకే కాగితం మీద వద్దు. ఆమె నగదుగా ఇచ్చి ఉంటే ఏ తేదీన, ఎవరి ముందు ఇచ్చిందో ఇప్పుడే గుర్తున్నంత రాసిపెట్టమనండి. ఫిర్యాదు అందినట్టు కాపీ మీద ముద్ర వేయించుకోకుండా బయటికి రాకండి.

శ్రీను_చెల్లెలు

అ, ఇ, ఉ, ఎ, ఒ. మొదటి ఐదు హిరగానా రాశాను సుధక్కా. మన అచ్చుల వరసే.

సెందాయ్_సుధ

రేపు క, కి, కు, కె, కొ.